వెయ్యిన్ని ఎనిమిది చుట్ల సూదంటురాయి

పొద్దున తొమ్మిదిన్నరకు నారాయణఖేడ్‌లోని ఒక వైండింగ్ దుకాణం ముందు ఆటో ఆగుతుంది. ఇద్దరు మనుషులు నేల మీద గోనెసంచి పరిచి, దాని మీదికి ఒక మోటారు దించుతారు. 5 హార్స్‌పవర్, మూడు ఫేజులది. పక్క ఊళ్లో జొన్నలు పట్టే గిర్నిది. పూట పూటకూ జొన్నరొట్టె కాల్చే ఇళ్లున్న ఊరు, గిర్ని ఆగితే ఊరంతా అడుగుతుంది. అందుకే గిర్ని ఆయన కూర్చోకుండానే అడుగుతాడు, "ఎప్పుడిస్తవ్ ఉస్తాద్?" ఉస్తాద్ వెంటనే జవాబు చెప్పడు. వంగి, మోటారు టర్మినల్ డబ్బా మూత తీసి, ముక్కు దగ్గరగా పెడతాడు. కాలిన వార్నిష్ వాసన. "ఎల్లుండి పొద్దుగాల రా అన్నా" అంటాడు.

సూదిని అంటుకునే రాయి కాబట్టి మన పెద్దవాళ్లు అయస్కాంతానికి సూదంటురాయి అని పేరు పెట్టారు. సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయి, విజాతి ధ్రువాలు ఆకర్షించుకుంటాయి అని బడిలో అందరం వల్లించాం. ఆ ఒక్క వాక్యం మీద నిలబడి బతికే వృత్తి మోటారు వైండింగ్. ఇక్కడ అయస్కాంతాన్ని ఎవరూ కొని తెచ్చి పెట్టరు. రాగి తీగతో, కాగితంతో, వెదురు పుల్లతో చేతుల మీద కడతారు. అది ఎలా కడతారో చూద్దామని మూడు రోజులు నేను ఆ దుకాణంలో కూర్చున్నాను.

మొదటి పని విప్పడం. ఫ్యాను మీది రేకు మూత, ఆ వెనక ఫ్యాను, రెండు పక్కల కవర్లు వరసగా వస్తాయి. కవరు ఏ మూలకు ఏ మూల కూర్చుందో తెలియడానికి విప్పకముందే సుత్తితో పంచ్ గుర్తు కొడతాడు ఉస్తాద్. ఒక పక్క ఒక చుక్క, రెండో పక్క రెండు చుక్కలు. తర్వాత రోటారును, అంటే తిరిగే ఇరుసు భాగాన్ని, రెండు చేతులతో తిన్నగా బయటికి లాగుతాడు. తిన్నగా అనడం ఎందుకంటే రోటారుకూ దాని చుట్టూ కదలకుండా ఉండే స్టేటారుకూ మధ్య సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు. కొంచెం వంగినా ఇనుము ఇనుమును గీస్తుంది. రోటారు మీద తీగ అనేదే లేదు. ఇనుప దిమ్మెలో పోత పోసిన అల్యూమినియం కడ్డీలు, వాటి రెండు కొసలనూ కలిపే రెండు ఉంగరాలు, అంతే. దానికి ఏ కరెంటు వైరూ తగలదు. అదే ఈ మోటారులో గొప్పదనం. ఆ సంగతి తర్వాత.

స్టేటారు లోపలికి టార్చి వేస్తే ఉస్తాద్‌కు కారణం కనబడుతుంది. తీగచుట్టలు గుండ్రంగా పూలదండలా పరుచుకొని ఉన్నాయి. మూడేసి చుట్టలు ఒక గుంపుగా మొత్తం పన్నెండు గుంపులు, వాటిలో సమాన దూరంలో నాలుగు బొగ్గులా నల్లబడ్డాయి. మిగతా ఎనిమిది గుంపులూ తేనెరంగులో అట్లాగే ఉన్నాయి. "ఫేజు పోయింది" అంటాడు. మూడు ఫేజుల్లో ఒకటి ఫ్యూజు దగ్గర తెగినా, నడుస్తున్న మోటారు ఆగదు. మిగతా రెండింటితో ఈడుస్తూ నడుస్తుంది. డెల్టా పద్ధతిలో కలిపిన వైండింగైతే అప్పుడు భారమంతా ఒక్క ఫేజు మీద పడి, దాని నాలుగు గుంపులే కాలిపోతాయి. అదే స్టార్ పద్ధతిలో కలిపినదైతే రెండు ఫేజులు కాలతాయి. మచ్చలు లెక్కపెట్టి రోగం చెప్పే ఈ విద్య ఏ పుస్తకం ముందు పెట్టుకొని నేర్చుకున్నది కాదు. వందల మోటార్లు విప్పిన కళ్లు చెబుతాయి.

కాలింది నాలుగు గుంపులే అయినా మొత్తం తీసేయాల్సిందే. తీసేముందు లెక్క రాసుకోవాలి. దుకాణంలో అన్నిటికంటె విలువైన వస్తువు నూనె మరకలు పడిన ఒక పొడుగు నోటుబుక్కు. స్లాట్లు, అంటే స్టేటారు లోపలి గాడులు, 36. ధ్రువాలు 4. ఒక చుట్ట ఒక కాలు ఒకటో గాడిలో ఉంటే రెండో కాలు తొమ్మిదో గాడిలో. దీన్ని 'ఒకటి-తొమ్మిది పిచ్' అంటారు. చుట్టకు 28 చుట్లు. తీగ మీది ఎనామిల్ కాల్చి తుడిచి మైక్రోమీటరులో పెడితే 19 గేజి, అంటే ఒక మిల్లీమీటరుకు పిసరంత ఎక్కువ మందం. 36 చుట్టలు, చుట్టకు 28. గుణిస్తే 1008. దేవుడికి వెలిగించే దీపాల లెక్కే ఇక్కడా కుదిరింది.

తీయడానికి ఉస్తాద్ ఒక పక్క తీగలను ఉలితో ఇనుము దగ్గరికంటా నరుకుతాడు. ఇంకో పక్క బ్లోల్యాంపు మంట కొద్దిగా చూపించి, వార్నిష్ మెత్తబడగానే గాడిలోంచి కట్టలు కట్టలుగా లాగేస్తాడు. గంటన్నర పడుతుంది. పని తొందరగా అయిపోవాలని కొన్నిచోట్ల మోటారును ఏకంగా కట్టెల మంటలో వేస్తారు. అది మోటారును చంపడమే. స్టేటారు ఒకే ఇనుప ముద్ద కాదు. అర మిల్లీమీటరు మందం సిలికాన్ ఉక్కు రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చినది. రేకుకూ రేకుకూ మధ్య పలచని పూత ఉంటుంది. మారుతూ పోయే అయస్కాంత బలం ఇనుములో కూడా కరెంటు సుళ్లు పుట్టిస్తుంది. ఆ సుళ్లు రేకు దాటకుండా ఆపేది ఆ పూతే. వేడి 350 డిగ్రీలు దాటితే పూత చెడుతుంది, సుళ్లు కలుస్తాయి, మోటారు ఆ తర్వాత ఎంత బాగా చుట్టినా వేడెక్కుతూనే ఉంటుంది. వచ్చిన పాత రాగిని తరాజులో పెడితే నాలుగు కిలోలు తూగుతుంది. అది గిర్ని ఆయన లెక్కలో జమ.

ఇప్పుడు గాడులు శుభ్రం. ఇనుప బ్రష్షుతో రుద్ది, కంప్రెసరు గాలి కొట్టి, వేలు పెట్టి తడిమి చూస్తాడు. ఎక్కడైనా రేకు మొన తేలి ఉంటే ఆకురాయి తగిలిస్తాడు. ఆ మొన కొత్త తీగ ఎనామిల్‌ను గీస్తే మూడు రోజుల శ్రమ ఒక్క క్షణంలో పోతుంది. ఆ తర్వాత గాడికొక కాగితం. పావు మిల్లీమీటరు మందం ఉండే ఇన్సులేషన్ కాగితాన్ని గాడి పొడవుకు రెండు పక్కలా ఆరేసి మిల్లీమీటర్లు ఎక్కువ ఉండేలా కత్తిరించి, కొసలు మడిచి, గాడి ఆకారానికి వంచి దూర్చాలి. కొసలు మడవడం దేనికంటే కాగితం జారిపోకుండా, గాడి అంచు దగ్గర తీగకు రెండు పొరల అండ ఉండేలా. 36 గాడులకు 36 కాగితాలు. ఈ పని దుకాణంలో పని నేర్చుకుంటున్న పోరడిది. నలభై నిమిషాల్లో ముగిస్తాడు. ఉస్తాద్ వచ్చి మూడు తీసేయించి మళ్లీ పెట్టిస్తాడు.

తీగ సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి రీళ్లలో వస్తుంది. ఎనామిల్ రాగి తీగ నేను చూసినప్పుడు కిలో వెయ్యి రూపాయలకు అటూ ఇటూ ఉంది. చుట్టే పరికరం చూడ్డానికి మామూలుగా ఉంటుంది. బల్లకు బిగించిన చేతి గిర్ర, దాని ఇరుసుకు చెక్క ఫర్మా, పక్కన అంకెలు తిరిగే కౌంటరు. ఫర్మాకు మూడు మెట్లు. మూడు చుట్టలు ఒకే తీగతో తెగకుండా వరసగా చుట్టడానికి. ఎడమ చేతి వేళ్ల మధ్య గుడ్డముక్కలో తీగ జారుతుంటుంది. కుడి చేయి గిర్ర తిప్పుతుంది. బిగువు ఎక్కువైతే తీగ సాగి సన్నబడుతుంది, తక్కువైతే చుట్ట వదులై గాడిలో పట్టదు. ఎంత బిగువో చెప్పమంటే ఉస్తాద్ దగ్గర మాట లేదు, వేళ్లే చూపిస్తాడు. 28 కాగానే దారంతో కట్టి పక్క మెట్టుకు. మూడు చుట్టలు కలిపి ఒక గుంపు. ఇలాంటి గుంపులు 12. పొద్దు గూకేసరికి ఆరువందల మీటర్ల తీగ పన్నెండు కట్టలై మేకులకు వేలాడుతుంది. తూకం నాలుగుంబావు కిలోలు.

రెండో రోజంతా నాటడమే. చుట్టలను గాడుల్లో దింపడాన్ని ఇక్కడ అలాగే అంటారు, వరినాటులాగా. స్టేటారును రెండు చెక్క దిమ్మెల మధ్య పడుకోబెట్టి, చుట్ట ఒక కాలిని వేళ్లతో పలచగా విప్పి, గాడి సన్నటి నోట్లోంచి నాలుగైదు తీగల చొప్పున లోపలికి జార్చాలి. పక్కన నున్నగా చెక్కిన వెదురు పుల్ల ఉంటుంది. ఇనుప పరికరమేదీ తీగను తాకకూడదు. ప్రతి గాడిలో రెండు అంతస్తులు. కింద ఒక చుట్ట కాలు, మీద ఇంకో చుట్ట కాలు, మధ్య కాగితం. ఇక్కడొక చిక్కుంది. మొదటి ఎనిమిది చుట్టలకు ఒక్కో కాలే గాడిలో దిగుతుంది. రెండో కాలు దిగాల్సిన గాడిలో కింది అంతస్తు ఇంకా ఖాళీ. కాబట్టి ఆ ఎనిమిది కాళ్లూ గాల్లో వేలాడుతూ కాచుకుంటాయి. తొమ్మిదో చుట్ట నుంచి రెండు కాళ్లూ వరసగా దిగుతాయి. 36 అయ్యాక, మొదట కాచుకున్న ఎనిమిదింటినీ చివరి గాడుల్లో మీది అంతస్తుల్లోకి దింపుతారు. అప్పుడు వైండింగ్ గొలుసులా తన తోకను తానే పట్టుకుంటుంది. నిండిన ప్రతి గాడి నోటికీ వెదురు చీలిక బిగిస్తారు. ఫేజుకూ ఫేజుకూ మధ్య బయటికి కనబడే చోట విడి కాగితాలు. పొద్దున పదికి మొదలైన పని సాయంత్రం ఐదున్నరకు అవుతుంది, మధ్యలో ఒక చాయ్, ఒక రొట్టె.

ఇప్పటిదాకా జరిగింది ఓపిక. ఇకమీదటిది తెలివి. పన్నెండు గుంపుల నుంచి ఇరవైనాలుగు తీగ కొసలు బయటికి వచ్చి ఉన్నాయి. ఏది దేనితో కలవాలో తప్పితే ఇంత పనీ మట్టి. ఒక్కో ఫేజుకు నాలుగు గుంపులు. ఒక్కో గుంపులో కరెంటు పారితే అదొక ధ్రువం. ఎదురుగా నిలబడి చూసినప్పుడు కరెంటు గడియారం ముల్లు తిరిగే వైపు తిరిగితే ఆ ముఖం దక్షిణ ధ్రువం, ఎదురు తిరిగితే ఉత్తర ధ్రువం. నాలుగు గుంపులూ ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం అని మారుతూ రావాలి. అందుకే మొదటి గుంపు చివరి కొసను రెండో గుంపు చివరి కొసతో కలుపుతారు. రెండో దాని మొదలును మూడో దాని మొదలుతో. మూడో దాని చివరను నాలుగో దాని చివరతో. 'చివరకు చివర, మొదలుకు మొదలు' అని పోరడు గొణుక్కుంటూ చూస్తున్నాడు. మూడు ఫేజులూ ఆరు గాడుల ఎడంతో మొదలవుతాయి, 1, 7, 13 గాడుల్లో. కొసల ఎనామిల్ గీకి, మెలిపెట్టి, టంకం పెట్టి, గొట్టపు స్లీవు తొడుగుతాడు.

తర్వాతి పరీక్ష కోసమే నేను ఈ రెండు రోజులూ కాచుకున్నాననిపించింది. ఉస్తాద్ డెస్కులోంచి ఒక చిన్న దిక్సూచి తీస్తాడు, పిల్లల జామెట్రీ బాక్సులో పట్టేంతది. ఒక ఫేజు రెండు కొసలకు 12 వోల్టుల బ్యాటరీ తగిలిస్తాడు. దిక్సూచిని స్టేటారు లోపలి గోడ వెంబడి నెమ్మదిగా తిప్పుతాడు. మొదటి గుంపు ముందు ముల్లు ఎర్ర కొస గోడ వైపు గట్టిగా వాలుతుంది. రెండో గుంపు దగ్గరికి రాగానే ఆ ఎర్ర కొసనే ఎవరో నెట్టేసినట్టు గిర్రున తిరిగి, తెల్ల కొస గోడకు అతుక్కుంటుంది. మూడో దగ్గర మళ్లీ ఎర్ర. నాలుగో దగ్గర మళ్లీ తెల్ల. తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఏర్‌స్టెడ్ ప్రకటించాడు. ఆ సంగతే ఇక్కడ రోజూ పనిముట్టుగా పనికొస్తోంది. రెండు పక్క గుంపుల దగ్గర ముల్లు తిరగకుండా ఒకే కొస చూపించిందంటే కనెక్షన్ తప్పినట్టు. "అట్ల తప్పుగ కలిసిందనుకో, మోటర్ ఉత్తగ గుయ్యిమంటది గానీ తిరుగది" అంటాడు. మూడు ఫేజులూ చూశాక దిక్సూచిని వాకిట్లోకి తీసుకెళ్లి ఉత్తరం సరిగ్గా చూపిస్తోందో లేదో చూస్తాడు. బలమైన అయస్కాంతం పక్కన పెడితే ముల్లు ధ్రువాలే తారుమారు కావచ్చు, అప్పుడు మర్నాటి పరీక్షంతా అబద్ధం చెబుతుంది.

ఇంకో పరీక్ష. బేరింగులోంచి తీసిన ఉక్కు గోలీని స్టేటారు లోపల వేస్తాడు. మూడు ఫేజులకూ డిమ్మర్‌స్టాట్ ద్వారా చాలా తక్కువ వోల్టేజి ఇస్తాడు, కొన్ని సెకన్లే. గోలీ లోపలి గోడ పట్టుకొని గుండ్రంగా పరుగు పెడుతుంది. చుట్టలేవీ కదలడం లేదు. ఇనుము కదలడం లేదు. కదులుతున్నది అయస్కాంతమే. మూడు ఫేజుల్లో కరెంటు ఒకేసారి పెరగదు. ఒకదాని తర్వాత ఒకటి, సెకనుకు యాభై సార్లు, ఎక్కి దిగుతుంది. కాబట్టి ఉత్తర ధ్రువం ఒక గుంపు దగ్గర పుట్టి, అక్కడ తగ్గేలోపే పక్క గుంపు దగ్గర బలపడుతుంది. ధ్రువాలు గోడ చుట్టూ నిమిషానికి 1500 సార్లు తిరుగుతాయి. ఏ రెండు ఫేజుల తీగలు అటూ ఇటూ మార్చినా గోలీ వెనక్కి పరుగెత్తుతుంది. ఇటలీలో ఫెరారిస్, అమెరికాలో టెస్లా వేరువేరుగా 1888లో ఈ తిరిగే అయస్కాంతాన్ని లోకానికి చూపించారు. గోలీ తిరుగుతుంటే పోరడి ముఖం చూడాలి.

రోటారుకు వైరు ఎందుకు అక్కర్లేదో ఇప్పుడు చెప్పవచ్చు. ధ్రువాలు దాని పక్కనుంచి దూసుకుపోతుంటే అల్యూమినియం కడ్డీల్లో కరెంటు దానంతటదే పుడుతుంది. ఆ కరెంటుతో రోటారు తానూ సూదంటురాయి అవుతుంది. ముందుకు పోయే విజాతి ధ్రువం దాన్ని లాగుతుంది, వెనక నుంచి వచ్చే సజాతి ధ్రువం నెడుతుంది. లాగుడూ నెట్టుడూ కలిసి తిప్పుతాయి. కానీ రోటారు ఆ ధ్రువాలను పూర్తిగా అందుకోలేదు, అందుకోకూడదు కూడా. అందుకుంటే దూసుకుపోవడం ఉండదు, కడ్డీల్లో కరెంటు ఉండదు, లాగుడు ఉండదు. అందుకే నేంప్లేటు మీద 1500 కాకుండా 1440 అని రాసి ఉంటుంది.

ఆ రాత్రికి వార్నిష్. చుట్టల తలకాయలను నూలుతాడుతో గట్టిగా కుట్టి కడతారు. లాగుడు, నెట్టుడు రోటారుకే కాదు, తీగల మధ్య కూడా ఉంటాయి. వదులుగా ఉన్న తీగ సెకనుకు వంద సార్లు అదిరి ఎనామిల్‌ను అరగదీసుకుంటుంది. స్టేటారును హీటర్లు అమర్చిన ఇనుప పెట్టెలో 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి చెమ్మ తీస్తారు. చెయ్యి ఓర్చుకునేంత వేడికి చల్లారాక అర లీటరు వార్నిష్‌ను సన్నటి ధారగా చుట్టల మీద పోస్తారు. ఒక పక్క పోసి తిప్పి రెండో పక్క. అరగంట కారనిచ్చి మళ్లీ పెట్టెలోకి. 130 డిగ్రీలు, ఎనిమిది గంటలు. హీటరు పెట్టె లేని దుకాణాల్లో స్టేటారు మధ్యలో 200 వాట్ల బల్బులు వేలాడదీసి ఆరబెడతారు. వానాకాలంలో ఆ బల్బులు రెండు రాత్రులు వెలగాలి. తొందరపడి తడి వార్నిష్‌తో ఇచ్చిన మోటారు నెల తిరక్కుండా వెనక్కి వస్తుంది.

మూడో రోజు పొద్దున మెగ్గరు పెడతారు. చేత్తో తిప్పితే 500 వోల్టులు పుట్టించి, తీగకూ ఇనుప ఒంటికీ మధ్య ఎక్కడైనా కరెంటు జారుతోందా అని చూసే పెట్టె ఇది. ఒక మెగాఓము కంటె తక్కువ చూపిస్తే ఇవ్వకూడదు. ముల్లు అనంతం గుర్తు దాకా పోయి నిలుస్తుంది. కొత్త బేరింగులు రెండు, 6206 నంబరువి, వేడి నూనెలో కాసేపు ఉంచి ఇరుసుకు తొడిగి, సందులో మూడో వంతు గ్రీజు నింపుతారు. పంచ్ చుక్కలు కలిపి కవర్లు బిగిస్తారు. ఇరుసును రెండు వేళ్లతో తిప్పితే చప్పుడు లేకుండా తిరగాలి.

స్టార్టరు బటన్ నొక్కుతాడు. మోటారు ఒక్క ఊపుతో అందుకుంటుంది. టాంగ్ టెస్టరు నోరు ఒక్కో ఫేజు తీగకు తగిలించి చదువుతాడు: 3.1, 3.2, 3.1 ఆంపియర్లు. భారం లేనప్పుడు పూర్తి కరెంటులో సగంలోపు, మూడింటిలో సమానంగా. చుట్ల లెక్క తప్పి ఉంటే ఇక్కడ బయటపడేది. అరగంట నడిపి ఒంటి మీద అరచేయి ఆనిస్తాడు. గోరువెచ్చగా ఉంది.

బిల్లు చిన్న కాగితం ముక్క మీద. తీగ 4250, కాగితం, స్లీవు, దారం 250, వార్నిష్ 200, బేరింగులు 600, కూలి 1800. మొత్తం 7100. పాత రాగికి 2400 తగ్గింపు. గిర్ని ఆయన చేతి నుంచి 4700. కొత్త మోటారు ధరలో ఇది మూడో వంతు లోపే. మూడు రోజులు ఇద్దరు మనుషులు చేసిన పనికి 1800 తక్కువని నా అభిప్రాయం, ఉస్తాద్ మాత్రం ఏమీ అనలేదు.

ఆటోలో మోటారు ఎక్కాక ఉస్తాద్ గిర్ని ఆయనకు సింగిల్ ఫేజ్ ప్రివెంటరు పెట్టించుకొమ్మని మరీమరీ చెప్పాడు. ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసే చిన్న పెట్టె అది. గిర్ని దగ్గర గానీ బావి దగ్గర గానీ మూడు ఫేజుల మోటారున్న ప్రతి ఒక్కరికీ ఆయన మాటే చెబుతున్నాను. బటన్ నొక్కినప్పుడు మోటారు గుయ్యిమని మూలిగి తిరగకపోతే వెంటనే ఆపండి. రెండోసారి నొక్కకండి. ముందు ఫ్యూజులు మూడూ చూడండి.